కంబళి, పట్టకారు, కఫన్: ప్రేమ్‌చంద్ జీవితమూ కథాశిల్పమూ

1899 నాటి చలికాలం. కాశీ నగరంలో ఒక వకీలు ఇంటి గుర్రపుశాల మీద ఉన్న చిన్న మట్టిగదిలో పంతొమ్మిదేళ్ల యువకుడొకరు రోజులు నెట్టుకొస్తున్నారు. వకీలు ఇంటి పిల్లవాడికి పాఠం చెప్పినందుకు నెలకు 5 రూపాయలు వచ్చేవి. అందులో సగం దాకా ఊళ్లోని కుటుంబానికి పంపి, మిగిలినదానితో నెల గడపాలి. ఒక సాయంత్రం చేతిలో పైసా లేదు. అప్పు పుట్టే చోటూ లేదు. 2 రూపాయలకు కొని భద్రంగా దాచుకున్న చక్రవర్తి గణితం సమాధానాల పుస్తకాన్ని తీసుకొని ఆయన పుస్తకాల అంగడికి వెళ్లారు. బేరం ఒక రూపాయికి తెగింది. ఆ రూపాయితో అంగడి దిగుతుండగా, అక్కడే కూర్చున్న ఒక పెద్దమనిషి పలకరించి ఎక్కడ చదువుతున్నారని అడిగారు. ఆ పెద్దమనిషి ఒక చిన్న పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు. ఒక సహాయోపాధ్యాయుడి కోసం వెతుకుతున్నారు. జీతం 18 రూపాయలు. ఆకలి తీర్చుకోవడానికి పుస్తకం అమ్మిన యువకుడు ఆ విధంగా చునార్ పట్టణంలో బడిపంతులు అయ్యారు.

ఆయన పేరు ధనపత్ రాయ్. తరువాతి కాలంలో ప్రేమ్‌చంద్ పేరుతో హిందీ, ఉర్దూ భాషల ఆధునిక కథానికకు పునాది వేసింది ఆయనే. తన జీవితాన్ని గురించి రాసిన కొద్దిపాటి పుటలలో ఈ పుస్తకం అమ్మిన సంఘటనకు ఆయన చోటిచ్చారు. దానిని మొదట చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆయన ఉత్తమ కథలలో ప్రతిదానిలోనూ ఒక వస్తువు, దానికొక ధర కనిపిస్తాయి. 3 రూపాయల కంబళి, 3 పైసల పట్టకారు, 5 రూపాయల శవవస్త్రం. కథ ఏమి చెప్పదలచిందో పాత్రలు నోటితో చెప్పకముందే ఆ వస్తువు చెప్పేస్తుంది.

కథానిక ప్రసారమైన తరువాత శ్రోతల నుంచి, ముఖ్యంగా విద్యార్థుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ కథలో నీతి ఏమిటి? తెలుగు విమర్శకులు కథను వస్తువు, శిల్పం అని రెండు మాటలతో పరిశీలిస్తారు. కథ దేనిని గురించి ఆలోచిస్తున్నదో అది వస్తువు. ఆ ఆలోచనను మన మనసుకు చేర్చే పనితనం శిల్పం. పాఠ్యపుస్తకాల పుణ్యమా అని వస్తువు కాస్తా నీతివాక్యంగా, శిల్పం ఉపమాలంకారాల జాబితాగా మిగిలిపోయాయి. ఈ రెండూ ఒకదానిలో ఒకటి ఎలా కరిగి ఉంటాయో తెలుసుకోవడానికి ప్రేమ్‌చంద్ రచనా జీవితానికి మించిన ఉదాహరణ భారతీయ భాషలలో అరుదు. నీతి కథలు రాయడంతో ఆరంభించి, నీతి చెప్పడానికి పూర్తిగా నిరాకరించిన కథ దగ్గర ఆగిపోయిన రచయిత ఆయన.

ప్రేమ్‌చంద్ 1880 జులై 31న కాశీకి సమీపంలోని లమహీ గ్రామంలో జన్మించారు. తండ్రి అజాయబ్ లాల్ తపాలా శాఖలో గుమాస్తా, తల్లి ఆనందీ దేవి. ఇంట్లో ముద్దుగా పెట్టిన పేరు నవాబ్. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే తల్లి కన్నుమూశారు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. తల్లి లేని పిల్లలు, సవతి తల్లుల నీడన పెరిగే పిల్లలు ఆయన కథలలో తరచుగా తారసపడడానికి మూలం వెతకనక్కరలేదు.

తండ్రి ఉద్యోగరీత్యా గోరఖ్‌పూర్‌లో ఉన్నప్పుడు ఆ బాలుడికి కథల పిచ్చి పట్టుకుంది. ఒక పుస్తక విక్రేత దగ్గర పరీక్షల గైడ్లు తీసుకొని బడిలో తోటి పిల్లలకు అమ్మిపెట్టేవాడు. అందుకు ప్రతిఫలంగా అంగట్లోని నవలలు ఇంటికి తీసుకుపోయి చదువుకునే వీలు దొరికేది. ఉర్దూలో మాయలు మంత్రాలతో సాగే తిలిస్మ్-ఎ-హోష్‌రుబా సంపుటాలను అలాగే చదివాడు. మన కాశీమజిలీ కథల వంటి ఆ అద్భుత ప్రపంచంలో మునిగితేలిన పిల్లవాడే పెద్దవాడై రైతు పొలంలోని చలిమంటను గురించి రాశాడంటే ఆశ్చర్యమనిపిస్తుంది. కాని తరువాత ఏమయిందో అనే ఆత్రుతను చివరి వాక్యం దాకా నిలిపే విద్య ఆయనకు ఆ మాయల కథల నుంచే అబ్బి ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పదిహేనేళ్లకే పెళ్లి చేశారు. ఆ సంసారం నిలవలేదు. 1897లో తండ్రి మరణించడంతో ఇంటి భారం నెత్తిన పడింది. గణితం కొరకరాని కొయ్యగా ఉండి కళాశాల చదువుకు అడ్డుపడింది. చునార్ తరువాత బహరాయిచ్, ప్రతాప్‌గఢ్, అలహాబాద్, కాన్పూర్ ఇలా బదిలీలు సాగాయి. గణితం తప్పనిసరి కాకుండా పోయిన తరువాతనే, 1916లో, ఇంటర్మీడియట్ గట్టెక్కారు. 1919లో బి.ఎ. పట్టా పొందారు. ఈ మధ్యలో 1906లో బాలవితంతువు శివరాణీ దేవిని వివాహం చేసుకున్నారు. వితంతు వివాహాన్ని సమర్థిస్తూ రాసేవారు ఆనాడు చాలామందే ఉన్నా, చేసి చూపినవారు తక్కువ. శివరాణీ దేవి కూడా కథలు రాశారు. భర్త మరణానంతరం ఆయన ఇంటి జీవితాన్ని గురించి ఆమె రాసిన పుస్తకం ఎంతో నిర్మొహమాటమైన రచన.

1908లో నవాబ్ రాయ్ పేరుతో ఐదు ఉర్దూ కథల సంపుటి వెలువడింది. పేరు సోజ్-ఎ-వతన్. దేశం కోసం పడే వేదన అని భావం. మొదటి కథలో, ప్రపంచంలో అన్నిటికంటే విలువైన రత్నాన్ని తెమ్మని ప్రియురాలు ప్రియుణ్ణి పంపుతుంది. దేశరక్షణలో చిందిన చివరి రక్తపు బొట్టే ఆ రత్నమని కథ తేలుస్తుంది. శిల్పం జానపద కథది, వస్తువు స్వాతంత్ర్యేచ్ఛ. రెండింటికీ అతుకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆంగ్ల ప్రభుత్వానికి దాని అర్థం బాగానే తెలిసింది. అప్పటికి ప్రేమ్‌చంద్ హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల డిప్యూటీ సబ్-ఇన్‌స్పెక్టరు. కలెక్టరు పిలుపు రాగా రాత్రంతా ఎడ్లబండిలో ప్రయాణించి వెళ్లారు. కలెక్టరు బల్లపై ఆ పుస్తకం ఉంది. మొఘలుల పాలనైతే చేతులు నరికించేవారని కలెక్టరు హెచ్చరించినట్లు ఆయన తరువాత రాసుకున్నారు. మిగిలిన ప్రతులన్నీ అప్పగించవలసి వచ్చింది. ఇకమీదట అనుమతి లేకుండా ఏదీ ప్రచురించరాదన్న ఆంక్ష కూడా పడింది.

ప్రతి రచననూ పై అధికారికి చూపి రాయడం జరిగే పని కాదు. కాన్పూర్ నుంచి వెలువడే ఉర్దూ పత్రిక జమానా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ ఒక కొత్త పేరు సూచించారు. ఆ పేరే ప్రేమ్‌చంద్. 1910 డిసెంబరు సంచికలో ఆ పేరుతో అచ్చయిన తొలి కథ బడే ఘర్ కీ బేటీ. పప్పులో నెయ్యి లేదన్న చిన్న మాట దగ్గర వదినా మరుదులకు మొదలైన తగవు ఉమ్మడి కుటుంబాన్ని చీలిక అంచు దాకా తెస్తుంది. అవమానపడిన కోడలే చివరకు మరిదిని ఇల్లు విడవకుండా ఆపుతుంది. అదే 1910లో మన గురజాడ అప్పారావు దిద్దుబాటు కథ ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ఒకరి రచన మరొకరికి తెలిసే అవకాశం లేదు. అయినా రెండు కథలూ ఇంటి గడప లోపలి కలతను తీసుకొని, స్త్రీ వివేకంతో దానిని చక్కదిద్దాయి. ఆనాటి సంస్కరణోద్యమపు గాలి రెండు చోట్లా ఒకటే.

మనసు మారడం ఆ దశలో ప్రేమ్‌చంద్ కథలకు ఇరుసు. 1916 నాటి పంచ్ పరమేశ్వర్ అందుకు పరాకాష్ఠ. జుమ్మన్ షేక్, అల్గూ చౌధరీ ప్రాణమిత్రులు. జుమ్మన్ తన ముసలి పినతల్లి ఆస్తి రాయించుకొని ఆమెను నిర్లక్ష్యం చేస్తాడు. పంచాయితీలో తీర్పరిగా కూర్చున్న అల్గూ స్నేహాన్ని పక్కనపెట్టి ఆమెకు న్యాయం చేస్తాడు. స్నేహం విరోధంగా మారుతుంది. కొన్నాళ్లకు ఒక ఎద్దు బేరం తగవులో అల్గూ వాది, జుమ్మన్ తీర్పరి. పగ తీర్చుకునే సమయం వచ్చింది కదా అని పాఠకుడు అనుకునే వేళ, ఆ ఆసనంపై కూర్చున్న జుమ్మన్‌కు బాధ్యత గుర్తుకొస్తుంది. ఇక్కడి శిల్పం తక్కెడ వంటిది. రెండు తగవులు, రెండు తీర్పులు, ఒకదాని ఎదుట ఒకటి. ఒకే సంఘటనను తారుమారు చేసి రెండోసారి జరిపించడం ద్వారా, న్యాయం మనిషిది కాదు ఆ స్థానానిది అన్న వస్తువును రచయిత నిలబెట్టారు. కథ హాయిగా ముగుస్తుంది. బహుశా అవసరానికి మించి హాయిగా ముగుస్తుంది.

1914 ప్రాంతాల నుంచి ఆయన ఉర్దూతో పాటు హిందీలోనూ విరివిగా రాయసాగారు. హిందీ ప్రచురణకర్తలు, పాఠకులు పెరగడం ఒక కారణం. కాని ఉర్దూను విడిచిపెట్టలేదు. జీవితాంతం రెండు లిపులలోనూ రాశారు. ఆయనను ఒక భాష ఖాతాలో వేసి మరొకదాని నుంచి తీసివేయాలని చేసే ప్రయత్నాలకు ఆయన రచనలే అడ్డు.

1921 ఫిబ్రవరి 8న గాంధీజీ గోరఖ్‌పూర్ వచ్చారు. సహాయ నిరాకరణ పిలుపు విన్న జనసమూహంలో ప్రేమ్‌చంద్, శివరాణీ దేవి, పిల్లలు ఉన్నారు. ఆరోగ్యం అంతంతమాత్రం, చేతిలో నిల్వ లేదు, చూసుకోవలసిన సంసారం ఉంది. దంపతులు కొద్ది రోజులు తర్జనభర్జన పడ్డారు. ఆ నెల మధ్యలోనే ఇరవై ఏళ్ల ప్రభుత్వోద్యోగానికి ఆయన రాజీనామా చేశారు. ఆ తరువాత స్థిరమైన ఆదాయమన్నది ఆయన ఎరగరు. 1923లో కాశీలో సరస్వతి ప్రెస్ నెలకొల్పారు. అది నష్టాల పుట్ట అయింది. 1930లో ఆరంభించిన హంస్ పత్రికను ప్రభుత్వం ధరావతు కట్టమంటూ వేధించింది. పుస్తకాల మీద వచ్చింది ప్రెస్సు మింగేది, ప్రెస్సులో మిగిలింది పత్రిక మింగేది.

సరిగ్గా ఈ అప్పుల కాలంలోనే ఆయన కథ మారింది. మనసులు మారడం తగ్గిపోయింది. వస్తువులు మాట్లాడడం మొదలైంది.

1930 నాటి పూస్ కీ రాత్ తీసుకుందాం. పుష్యమాసపు రాత్రి అని అర్థం. పేద రైతు హల్కూ కంబళి కోసం కూడబెట్టిన 3 రూపాయలు బాకీ కింద పోతాయి. భార్య మున్నీ గొణుగుతూనే ఆ డబ్బు తెచ్చి ఇస్తుంది. లేని కంబళి కథంతా పరచుకొని ఉంటుంది. రాత్రి పొలం కాపలాలో హల్కూకు తోడు జబ్రా అనే కుక్క. చలికి తాళలేక దానిని ఒడిలోకి తీసుకొని పడుకుంటాడు. పక్క మామిడితోపులో రాలిన ఆకులు పోగుచేసి మంట వేసుకుంటాడు. నీలగాయిలు పొలంలో పడి పైరు మేస్తున్న శబ్దం వినిపిస్తుంది. కుక్క మొరుగుతూ పరుగెత్తుతుంది. హల్కూ లేవడు. ఒకసారి లేచి రెండు మూడు అడుగులు వేసి, ఎముకలు కొరికే గాలికి మళ్లీ బూడిద పక్కకు చేరతాడు. తెల్లవారేసరికి పొలం నాశనమైపోయింది. మున్నీ దిగులుపడుతుంది. హల్కూ ముఖంలో మాత్రం సంతోషం: ఇకమీదట ఈ చలిలో ఇక్కడ పడుకోవలసిన పని లేదు.

దీనికి నీతి రాయమంటే విద్యార్థి ఏమి రాయాలి? సోమరితనం కూడదనా? ఎవరైనా అలా రాస్తే కథ వారికి అందలేదన్నమాట. ఆ చివరి సంతోషం దగ్గర ఉన్నది విపర్యాసం. దుఃఖం కలగవలసిన చోట ఊరట కలిగింది. తన పంట తన చేతికి దక్కదని తెలిసిన రైతుకు పంట మీద మమకారం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను రచయిత ఎక్కడా వేయలేదు. లేని కంబళిని, చల్లారిపోతున్న బూడిదను, నవ్వుతున్న ముఖాన్ని పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. మొరిగి మొరిగి అలసిపోయిన కుక్క తన ధర్మం తాను చేసింది. మనిషి చేయలేకపోయాడు. ఆ పోలిక కూడా మాటలలో ఎక్కడా లేదు.

ఠాకూర్ కా కువా, 1932 నాటి చిన్న కథ, ఇంకా పొదుపైనది. జబ్బుపడిన భర్తకు తాగేందుకు మంచినీళ్లు లేవు. ఉన్న నీళ్లు కంపు కొడుతున్నాయి. దళిత స్త్రీ గంగీ చీకటిలో దొరగారి బావి దగ్గరకు వెళ్లి చేద దించుతుంది. కుండ పైకి వచ్చేదాకా వచ్చి, దొర ఇంటి తలుపు తెరుచుకుంటుంది. తాడు చేజారుతుంది. ఇంటికి పరుగెత్తి వచ్చేసరికి భర్త ఆ మురికి నీళ్లే తాగుతూ ఉంటాడు. కథ అక్కడ ఆగుతుంది. అంటరానితనం మీద ఉపన్యాసం లేదు. తెరుచుకున్న తలుపు, చేజారిన తాడు, నోటి దగ్గరి లోటా, అంతే.

సద్గతి కథకు ఆ పేరు పెట్టడమే వ్యంగ్యం. కూతురి నిశ్చయానికి ముహూర్తం అడగడానికి వెళ్లిన దుఖీ చేత పండితుడు వాకిలి ఊడ్పిస్తాడు, పొట్టు మోయిస్తాడు, ముడిపడిన మొద్దును చీల్చమంటాడు. ఆకలితో గొడ్డలి పట్టిన దుఖీ అక్కడే కూలి చనిపోతాడు. అంటరాని శవాన్ని ముట్టుకోకుండానే తాడు ఉచ్చు వేసి పండితుడు ఊరి బయటకు లాగేస్తాడు. ఇంటికి వచ్చి స్నానం చేసి శుద్ధి చేసుకుంటాడు. శీర్షికలోని పవిత్రమైన మాటకు, ఈడ్చుకుపోయిన ఆ దేహానికి మధ్య ఉన్న దూరమే ఈ కథ. దీనిని సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం చిత్రంగా తీశారు. ఓంపురి గొడ్డలి ఎత్తి మొద్దుపై వేసే దెబ్బలను చూసినవారు ఆ శబ్దాన్ని మరువలేరు.

ఇక ఈద్‌గాహ్. 1933 నాటి ఈ కథ పిల్లల పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా ఉంది. అందువల్లనే దీని లోతు చాలామందికి తప్పిపోయింది. తల్లిదండ్రులు లేని పసివాడు హామిద్ నాయనమ్మ అమీనా ఇచ్చిన 3 పైసలతో ఈద్ సంతకు వెళతాడు. తోటి పిల్లలు మిఠాయిలు తింటారు. సిపాయి, నీళ్లు మోసే భిస్తీ, వకీలు మట్టిబొమ్మలు కొంటారు. హామిద్ ఇనుప సామాన్ల అంగడి దగ్గర ఆగుతాడు. రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతుండడం గుర్తుకొస్తుంది. బేరమాడి పట్టకారు కొంటాడు. దారి పొడవునా ఆ పట్టకారు ఒకసారి తుపాకి అవుతుంది, ఒకసారి వాయిద్యం అవుతుంది, బొమ్మలన్నిటినీ ఓడించే వీరుడవుతుంది. పిల్లలందరూ తమ బొమ్మలిచ్చి కాసేపు దానిని పట్టుకొని చూస్తారు. ఇళ్లకు చేరగానే మట్టిబొమ్మలు ఒక్కొక్కటిగా ముక్కలవుతాయి.

పిల్లవాడి త్యాగమే ఈ కథ అనుకుంటే సగమే చదివినట్లు. హామిద్ తన పట్టకారును సమర్థించుకోవడానికి చేసే వాదన అచ్చంగా పేదవాడి ఆత్మరక్షణ. తినలేని మిఠాయిని చెడ్డదని, కొనలేని బొమ్మను పనికిరానిదని తనకు తాను నచ్చచెప్పుకోవలసిన అవసరం నాలుగైదేళ్ల పిల్లవాడికి కలగడంలోనే దుఃఖమంతా ఉంది. రచయిత ఆ దుఃఖాన్ని పిల్లల సరదా కబుర్ల కింద దాచారు. చివరలో మాత్రం ఆ మూత తీశారు. మొదట కోప్పడిన అమీనా, కారణం తెలిసి కన్నీరు పెట్టుకుంటుంది. పిల్లవాడు ముసలివాడి పాత్ర ధరించాడు, ముసలావిడ చిన్నపిల్ల అయిపోయింది. ఎనిమిదేళ్లకే తల్లిని పోగొట్టుకున్న రచయిత యాభై దాటిన తరువాత రాసిన కథ ఇది.

అప్పులు తీర్చుకునే ఆశతో 1934లో ఆయన బొంబాయి వెళ్లి అజంతా సినీటోన్ సంస్థలో రచయితగా చేరారు. మోహన్ భవ్నానీ దర్శకత్వంలో వచ్చిన మజ్దూర్ చిత్రానికి కథ సమకూర్చారు. మిల్లు కార్మికుల కథ కావడంతో అది సెన్సారు చిక్కులలో పడింది. సినిమా ప్రపంచపు తీరు ఆయనకు సరిపడలేదు. ఒప్పందకాలం పూర్తి కాకుండానే 1935లో కాశీకి తిరిగివచ్చారు.

బొంబాయిలో ఉన్న రోజులలోనే, 1934 డిసెంబరు చివర, దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవంలో ప్రసంగించడానికి మద్రాసు వచ్చారు. తెలుగువారికి ఆయన దగ్గరయింది ఎక్కువగా ఆ సభ ద్వారానే. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ సాయంకాలం హిందీ తరగతులకు వెళ్లి పరీక్షలు రాసిన తరాలు మన ఇళ్లలో ఉన్నాయి. వారిలో చాలామందికి హిందీ అంటే మొదట గుర్తుకొచ్చేది ప్రేమ్‌చంద్ కథే.

కఫన్ కథ 1935 చివర ఉర్దూలో, మరుసటి ఏడాది హిందీలో అచ్చయింది. కఫన్ అంటే శవానికి కప్పే వస్త్రం. తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ ఇద్దరూ ఊళ్లో పేరుమోసిన పనిదొంగలు. గుడిసె లోపల మాధవ్ భార్య బుధియా ప్రసవవేదనతో విలవిలలాడుతోంది. బయట వీరిద్దరూ ఎవరి పొలంలోనో తవ్వుకొచ్చిన ఆలుగడ్డలు కాల్చుకు తింటున్నారు. లోపలికి వెళితే రెండోవాడు ఎక్కువ తినేస్తాడన్న భయంతో ఎవరూ కదలరు. ఇరవై ఏళ్ల కిందట ఒక పెళ్లిలో తిన్న విందును ఘీసూ తలచుకుంటాడు. తెల్లవారేసరికి బుధియా చనిపోయి ఉంటుంది. జమీందారు దగ్గర, షావుకార్ల దగ్గర యాచించి 5 రూపాయలు పోగుచేస్తారు. శవవస్త్రం కొనడానికి బజారుకు వెళ్లి, ఏ గుడ్డా నచ్చక, నడిచి నడిచి కల్లుపాకకు చేరతారు. తాగుతారు, పూరీలు తింటారు, మిగిలినది బిచ్చగాడికి ఇచ్చి దానం చేసిన గర్వం పొందుతారు. పాడతారు, ఆడతారు, మత్తులో కూలబడతారు.

ఈ కథ మీద దళిత రచయితలు, విమర్శకులు తీవ్రమైన ఆక్షేపణలు తెలిపారు. రెక్కల కష్టం మీద బతికే కులాన్ని కనికరం లేని సోమరులుగా చూపారన్నది వాటి సారాంశం. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. కథలో ఆ ఇద్దరి కులాన్ని రచయిత పేరు పెట్టి చెప్పారు. కులం చెప్పకపోయినా కథ నడిచేది. అంతకు కొన్నేళ్ల ముందే గంగీని, దుఖీని సృష్టించిన కలమే దీనిని రాసిందన్న సమాధానం సగం సమాధానమే అవుతుంది.

అయితే కథను దాని శిల్పం వైపు నుంచి చూసినప్పుడు లెక్క మరొక వైపుకు మళ్లుతుంది. బతికి ఉండగా ఒంటి మీద సరైన గుడ్డ లేని ఆడదానికి చచ్చాక కొత్త వస్త్రం కావాలి. ప్రసవవేదనలో ఉన్నప్పుడు మందుకు ఒక్క పైసా రాల్చని ఊరు, శవవస్త్రానికి గంట తిరగకుండా 5 రూపాయలు ఇచ్చింది. ఆ లెక్కలో ఘీసూ, మాధవ్ ఒక్కరే దోషులా? శవవస్త్రం కథంతా అందరి నోళ్లలో నలిగి, చివరి దాకా కంటికి కనిపించదు. హల్కూ కంబళి వలెనే ఇదీ లేని వస్త్రం. పగలూ రాత్రీ చాకిరీ చేసేవారి బతుకు వీరికంటే ఏమంత మెరుగ్గా లేని సమాజంలో ఇటువంటి మనస్తత్వం పుట్టడం వింత కాదని రచయిత మధ్యలో ఒకచోట స్వయంగా వ్యాఖ్యానిస్తారు. ఆ వ్యాఖ్య లేకపోయినా కథ నిలబడేదని నా అభిప్రాయం. ఉపాధ్యాయుడిగా గడిపిన ఏళ్లు కలాన్ని అంత తేలిగ్గా వదలవు.

బుధియా కథలో ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెది మూలుగు మాత్రమే. అచ్చులో చదివేటప్పుడు ఒకటి రెండు వాక్యాల తరువాత ఆ మూలుగును మరిచిపోతాం, ఘీసూ విందు వర్ణనలో పడిపోతాం. అంటే గుడిసె బయట కూర్చున్న ఆ ఇద్దరి వంటివారమే అయిపోతాం. రేడియో నాటకంగా మలచదలచినవారికి ఇక్కడే సంకటం. మూలుగును వినిపిస్తూ ఉంటే శ్రోత విందును వినలేడు. ఆపేస్తే ఆమె లేనట్లే అవుతుంది. ప్రేమ్‌చంద్ రెండింటినీ ఒకే పుటపై ఎలా ఉంచగలిగారో, ఆ ఇబ్బందిలో పడినప్పుడు తెలుస్తుంది.

ఈ మౌనాన్ని ఛేదించే ప్రయత్నం తెలుగు తెరపై జరిగింది. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో కఫన్ ఆధారంగా ఒక ఊరి కథ చిత్రాన్ని తెలుగులో తీశారు. వాసుదేవరావు తండ్రి పాత్రను, మమతా శంకర్ కోడలి పాత్రను ధరించారు. కథలో మరణశయ్యపైనే పరిచయమయ్యే స్త్రీ, సినిమాలో కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చి, పనిచేసి, ఆ తండ్రీకొడుకుల తీరును ప్రతిఘటిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ పురస్కారం లభించింది. కాశీ ప్రాంతపు కథ, కలకత్తా దర్శకుడు, తెలంగాణ పల్లె. చూసినవారిలో ఎవరికీ అది పరాయి ఊరి కథ అనిపించలేదు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించారు. సౌందర్యానికి మనం వేసుకున్న కొలమానం మారాలని, రచయిత చూపు పొలంలోని శ్రమజీవి మీద కూడా పడాలని ఆయన అక్కడ వాదించారు. ఆ సంవత్సరమే గోదాన్ నవల వెలువడింది. జీవితమంతా ఒక ఆవు కోసం కలగన్న రైతు హోరీ, గోదానం చేయడానికి ఆవు లేకుండానే కన్నుమూసే కథ అది. లేని వస్తువు చుట్టూ అల్లిన ఆయన రచనలలో అదే పెద్దది.

అప్పటికే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. చాలా ఏళ్లుగా వెంటాడిన ఉదరవ్యాధి ముదిరింది. మంగళ్‌సూత్ర అనే నవల అసంపూర్తిగా మిగిలింది. 1936 అక్టోబరు 8న కాశీలో ఆయన తుదిశ్వాస విడిచారు. వయసు 56. సుమారు 300 కథలు, డజనుకు పైగా నవలలు, అప్పుల్లో ఉన్న ఒక ముద్రణాలయం ఆయన వదిలివెళ్లినవి.

ఆయన కుమారుడు అమృత్ రాయ్ తండ్రి జీవితచరిత్రను కలమ్ కా సిపాహీ పేరుతో రచించారు. సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ గ్రంథంలో అంతిమయాత్ర ప్రస్తావన ఉంది. పాడె వెంట నడిచినవారు ఎక్కువమంది లేరు. దారిలో ఒకరు ఎవరు పోయారని అడిగారు. ఎవరో బడిపంతులట అని పక్కనున్న మరొకరు బదులిచ్చారు.